కర్ఫ్యూ ఎత్తేశాక ఉద్దెర ఎప్పుడు మొదలవుతుంది?

1990 డిసెంబర్‌లో హైదరాబాద్ పాతబస్తీలో జరిగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. మా ఇంట్లో మాత్రం ఆ రోజుల గురించి ఒకే ఒక్క కథ చెప్పుకుంటారు. అందులో కత్తులూ లేవు, మంటలూ లేవు. ఒక కిరాణా కొట్టు ఉంది.

కర్ఫ్యూ సడలించాక అమ్మ ఎప్పటిలాగే సంచి పట్టుకుని ఆ కొట్టుకు వెళ్లింది. కొట్టాయన పప్పు, మంచినూనె, చక్కెర తూకం వేసి ఇచ్చాడు. ఎర్ర అట్ట ఖాతా పుస్తకం మాత్రం తీయలేదు. "ఈసారి నగదు ఇయ్యి చెల్లే" అన్నాడట, తలెత్తకుండా. అప్పటిదాకా పదకొండేళ్లుగా నెలాఖరుకు లెక్క చూసుకునేవాళ్లు. ఆయనదో మతం, మాదో మతం. అమ్మ డబ్బులిచ్చి వచ్చేసింది. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. ఆ చలికాలమంతా అమ్మకి రాత్రిళ్లు గుండెదడ వచ్చేది, వీధిలో బైక్ ఆగితే ఉలిక్కిపడేది. ఎండాకాలం వచ్చేసరికి దడ తగ్గింది. ఆ పుస్తకం మళ్లీ తెరుచుకోవడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది.

ఈ వ్యాసంలో విప్పాల్సిన ముడి ఇదే. ఎక్కడ గొడవ జరిగినా, అది మన నగరంలో కావచ్చు, 2023 మేలో మొదలైన మణిపూర్ హింస కావచ్చు, టీవీల్లో ఒక మాట వినిపిస్తుంది: బాధితులకు కౌన్సెలింగ్ ఇవ్వాలి, రెండు వర్గాల మధ్య నమ్మకం పెంచాలి. రెండూ ఒకే పని అన్నట్టుగా ఒకే ఊపిరిలో చెప్పేస్తారు. అవి రెండు పనులు. గుండెదడది ఒక గడియారం, ఉద్దెరది ఇంకో గడియారం.

## మూడు మాటలు, వాటి అసలు అర్థం

"మానసిక సామాజిక మద్దతు" అనేది పలకడానికి బరువైన మాట, విషయం మాత్రం తేలికే. అల్లర్లలో ఆటో తగలబడిపోయిన డ్రైవర్‌ను తీసుకోండి. అతనికి నిద్ర పట్టడం లేదు. కళ్లు మూస్తే మంటలు కనిపిస్తాయి, నిజమే. కళ్లు తెరిస్తే ఫైనాన్స్ కంపెనీ కిస్తీ కనిపిస్తుంది. నిద్రమాత్ర ఇస్తే మొదటిదానికి కొంత పని చేస్తుందేమో. కిస్తీ మాత్రం ఐదో తారీఖున వస్తూనే ఉంటుంది. మనిషి లోపల జరిగేదీ, చుట్టూ జరిగేదీ ఒకదాన్నొకటి లాగుతుంటాయి కాబట్టి రెండింటినీ కలిపి చూడాలన్నదే ఈ మాటకు అర్థం.

"సముదాయ ఆధారిత" అంటే సాయం బయటినుంచి వచ్చి వెళ్లిపోవడం కాకుండా, అక్కడే ఉండే మనుషుల చేతుల్లో నడవడం. ఆశా వర్కర్, అంగన్‌వాడీ టీచర్, మహిళా సంఘం లీడర్, మసీదు కమిటీ, గుడి కమిటీ, గల్లీ చివర టీకొట్టు ఆయన, అందరూ ఇందులోకి వస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. గొడవ జరిగిన చోట సముదాయం ఒకటి ఉండదు, రెండుంటాయి. "సముదాయ పెద్దలతో మాట్లాడాం" అని ఎవరైనా అంటే, ఏ సముదాయం, ఏ పెద్దలు అని అడగాల్సి వస్తుంది. ఒక్కోసారి ఆ పెద్దల్లోనే గొడవ రాజేసినవాడూ ఉంటాడు.

మూడోది "నమ్మకం". ఇందులో రెండు రకాలున్నాయి. పక్కింటి ఫలానా ఆయన మీద ఉండే నమ్మకం ఒకటి. "వాళ్లు" అనే మొత్తం గుంపు మీద ఉండేది ఇంకొకటి. "మా పక్కింటాయన దేవుడు, వాళ్లోళ్లు మాత్రం నమ్మదగినోళ్లు కాదు" అనే మాట హైదరాబాద్‌లో రెండు వైపులా విన్నాను. మొదటిది గట్టిగా ఉన్నంత మాత్రాన రెండోది దానంతటదే రాదు.

## ఆరువందల మంది ఉన్న బస్తీలో లెక్క

సంఘర్షణలు జరిగిన ప్రాంతాల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక అంచనా ఇచ్చింది. అక్కడి జనాభాలో సుమారు 22 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. 13 శాతానికి స్వల్పంగా, 4 శాతానికి మధ్యస్థంగా, 5 శాతానికి తీవ్రంగా.

దీన్ని ఒక ఊహా బస్తీకి వర్తింపజేద్దాం. రెండు రోజుల అల్లర్లకీ ఏళ్లకేళ్లు సాగే యుద్ధానికీ పోలిక లేదు కాబట్టి అంకెల్ని పట్టుకోవద్దు, వాటి ఆకారాన్ని చూడండి. ఆరువందల మంది పెద్దవాళ్లున్నారు. వాళ్లలో 78 మందికి స్వల్ప సమస్య, 24 మందికి మధ్యస్థం, 30 మందికి తీవ్రం. మొత్తం 132 మంది. మిగతా 468 మందికి ఏ డాక్టరూ ఏ జబ్బూ రాయడు. వాళ్లకు భయం లేదని కాదు, కోపం లేదని అంతకన్నా కాదు. వాళ్లకు కావాల్సింది వేరు.

ఐక్యరాజ్యసమితి సంస్థలు, సహాయ సంస్థలు కలిసి 2007లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ తేడానే నాలుగంతస్తుల పిరమిడ్‌గా చూపిస్తాయి. అన్నిటికన్నా వెడల్పైన అడుగు అంతస్తులో భద్రత, తిండి, నీళ్లు, గూడు. మన బస్తీలో అయితే పోలీస్ పికెట్, ఆగిపోయిన మంచినీళ్ల ట్యాంకర్, కాలిపోయిన రేషన్ కార్డుకు బదులు కొత్తది. ఇవి ఆరువందల మందికీ కావాలి. దాని మీద కుటుంబం, ఇరుగుపొరుగు మద్దతు: తప్పిపోయినవాళ్లను వెతికి కలపడం, చనిపోయినవాళ్లకు చేయాల్సిన కర్మలు జరిగేలా చూడటం, బడి తెరవడం. మూడో అంతస్తులో కొంత శిక్షణ పొందిన మామూలు మనుషులు కొందరితో విడిగా కూర్చుని మాట్లాడటం. కొసన, ఆ ముప్పై మందికి సైకియాట్రిస్ట్.

మన దగ్గర చర్చ ఎప్పుడూ ఈ కొసనుంచే మొదలవుతుంది, నాకు చిరాకు తెప్పించేది అదే. తలా పావుగంట మాట్లాడే కౌన్సెలర్లు ముందు దిగుతారు, నీళ్ల ట్యాంకర్ తరవాత వస్తుంది.

## "మనసు విప్పి చెప్పు" అనడం ఎప్పుడు బెడిసికొడుతుంది

ఘోరం చూసినవాళ్లను వెంటనే కూర్చోబెట్టి, ఏం చూశారో, అప్పుడేమనిపించిందో పూసగుచ్చినట్టు చెప్పించాలని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. దీన్ని డీబ్రీఫింగ్ అంటారు. మనకూ సహజంగానే అనిపిస్తుంది: లోపల దాచుకుంటే కుళ్లిపోతుంది, కక్కేస్తే పోతుంది.

పరిశోధకులు దీన్ని అందుకున్నవాళ్లనూ అందుకోనివాళ్లనూ పోల్చి చూశారు. ఒక్క విడత డీబ్రీఫింగ్‌తో తరవాత వచ్చే సమస్యలు తగ్గలేదు. కొందరికి ఎక్కువయ్యాయి కూడా. దాంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. దాని బదులు 2011లో "మానసిక ప్రథమ చికిత్స" పేరుతో ఒక గైడ్ తెచ్చింది. అందులో పనులు మూడే: చూడటం, వినడం, కలపడం. ఇక్కడ ప్రమాదం ఉందా, ఎవరు మరీ కుదేలయ్యారు అన్నది చూడాలి. చెప్పాలనుకుంటే వినాలి, చెప్పమని గుచ్చకూడదు. కావాల్సిన చోటికి, కావాల్సిన మనిషికి కలపాలి.

ఉదాహరణకు, కొడుకు ఆస్పత్రిలో ఉన్న ఒక తల్లి. పాత పద్ధతిలో అడిగే ప్రశ్న "ఆ రాత్రి ఏం జరిగిందమ్మా?" కొత్త పద్ధతిలో "అన్నం తిన్నావా అమ్మా? ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తున్నారు?" ఆమె ఆ రాత్రి గురించి ఎత్తితే వినడం, ఎత్తకపోతే ఆటో మాట్లాడిపెట్టడం. చదువుతుంటే ఇది పెద్ద శాస్త్రంలా అనిపించదు. చావింటికి వెళ్లిన మన అమ్మమ్మలు చేసేది ఇంచుమించు ఇదే కదా.

## డాక్టర్లు కానివాళ్లు ఎంతవరకు?

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో మానసిక సమస్య ఉన్నవాళ్లలో 70 శాతానికి పైగా చికిత్స అందడం లేదు. డాక్టర్ల కొరత ఒక కారణం, సిగ్గు ఇంకొకటి. హైదరాబాద్‌లో "వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి" అనేది ఇప్పటికీ తిట్టే. అక్కడి ప్రభుత్వ మానసిక ఆస్పత్రికి బస్తీనుంచి ఎవరైనా వెళ్లారంటే, ఇంట్లో ఆడపిల్ల పెళ్లి సంబంధం దాకా ఆ మాట వెంటాడుతుంది. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్, 14416 నంబర్, ఈ సిగ్గును కొంత దాటేసింది. ఫోన్లో మొహం కనిపించదు.

జింబాబ్వేలో ఇంకో దారి పట్టారు. 2006లో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్ట్ ఊరి అవ్వలకు శిక్షణ ఇచ్చి క్లినిక్ ఆవరణలో చెట్టు కింద బెంచీ వేయించారు. వచ్చినవాళ్లతో అవ్వ "నీకు డిప్రెషన్ ఉంది" అనదు. వాళ్ల భాషలో "ఆలోచనలు ఎక్కువైపోయాయి" అని ఒక మాట ఉంది, అదే వాడుతుంది. ఉన్న కష్టాల్లో ఒకదాన్ని ఎంచుకోమని, దానికి ఒక అడుగు ఆలోచిద్దామంటుంది. ఇది పనిచేస్తుందని 2016లో ప్రచురితమైన అధ్యయనం చూపించింది.

మనకు ఆ మాట లేదా అంటే, ఉంది. తెలంగాణలో ఎవరిని అడిగినా చెబుతారు: మనాది. "కొడుకు పోయినకాడికెల్లి మనాది పట్టుకుంది" అంటే అందులో దుఃఖం, దిగులు, ఆకలి చచ్చిపోవడం, నడుం నొప్పి అన్నీ ఉంటాయి. పాతబస్తీ దక్కనీ ఉర్దూలో "దిల్ ఘబ్రారా", అంటే గుండె కంగారు పడుతోంది అంటారు. డిప్రెషన్, యాంగ్జైటీ స్కేల్ ఉన్న ఫారం పట్టుకెళ్లి అడిగితే "ఏం లేదు, బాగానే ఉన్నం" అనే మనిషే, మనాది గురించి అడిగితే గంటసేపు మాట్లాడుతుంది.

ఈ మాటల వెనకే నిపుణుల మధ్య పెద్ద తగువుంది. బ్రిటన్‌కు చెందిన సైకియాట్రిస్ట్ డెరెక్ సమ్మర్‌ఫీల్డ్ లాంటివాళ్లు, యుద్ధం చూసిన ప్రతి మనిషికీ ట్రామా, అంటే మానసిక గాయం అనే ముద్ర వేయడాన్ని తప్పుపట్టారు. ఇల్లు పోయి, న్యాయం దొరకనివాడి కోపాన్ని జబ్బు అంటే, ఆ కోపానికి కారణమైనవాళ్లు తప్పించుకుంటారని వాళ్ల వాదన. అవతలివాళ్లు, పేరు ఏది పెట్టినా ముప్పై మంది ముప్పై మందేనని, వాళ్లకు వైద్యం అందకపోతే ప్రాణాలే పోతాయని అంటారు. నాకు రెండూ సబబుగానే తోస్తాయి. మొదటి వాదన ఆ 468 మందికి బాగా వర్తిస్తుంది, రెండోది ఆ 30 మందికి.

మామూలు మనుషులతో పని చేయించడంలో ఇబ్బందులూ ఉన్నాయి. ఆశా వర్కర్ అదే గల్లీలో ఉంటుంది. ఆమెకు చెప్పిన సంగతి రేపు నల్లా దగ్గర వినిపిస్తుందేమోనన్న అనుమానం ఊరికే పోదు. ఆమెదీ ఒక మతమే, ఒక కులమే. పైగా గొడవలో ఆమె ఇల్లూ దెబ్బతిని ఉండొచ్చు. ఆమె మనాదిని వినేదెవరు అన్నది చాలా పథకాల్లో రాయరు.

## ఊరు కుదుటపడింది, మనుషులు కుంగిపోయారు

ఇప్పుడు రెండో గడియారం దగ్గరికి వద్దాం. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం జరిగింది. ఆ తరవాత ఊళ్లలో సయోధ్య సభలు పెట్టారు. బాధితులు తమకు జరిగింది ఊరందరి ముందు చెబుతారు, చేసినవాళ్లు ఒప్పుకుని క్షమించమంటారు. శిక్ష లేదు, పరిహారం లేదు. 200 ఊళ్లలో ఈ సభలు జరిగిన ఊళ్లనూ జరగనివాటినీ పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. సభలు జరిగిన ఊళ్లలో క్షమించే గుణం, నమ్మకం పెరిగాయి, ఊరి పనులకు జనం ఎక్కువగా ముందుకొచ్చారు. అదే ఊళ్లలో డిప్రెషన్, యాంగ్జైటీ, ట్రామా లక్షణాలు కూడా పెరిగాయి. రెండున్నరేళ్ల తరవాత కూడా ఆ మంచీ ఆ చెడూ అలాగే ఉన్నాయి.

అంటే ఊరి గాయానికి వేసిన మందు మనిషి గాయాన్ని రేపింది. అందుకే ఆ రెండు పనుల్నీ ఒకే ఊపిరిలో చెప్పకూడదన్నాను.

రువాండాలో వరస మార్చి చూశారు. 1994 మారణకాండ తరవాత అక్కడ సోషియోథెరపీ అనే పద్ధతి 2005లో బ్యుంబా ప్రాంతంలో మొదలైంది. పది పదిహేను మంది వారానికోసారి, పదిహేను వారాలు కూర్చుంటారు. బాధితులూ ఉంటారు, జైలు నుంచి వచ్చినవాళ్లూ, వాళ్ల భార్యలూ ఉంటారు. మొదట మాట్లాడుకునేది భద్రత గురించి. తరవాత నమ్మకం, ఒకరి బాగోగులు ఒకరు చూసుకోవడం, గౌరవం. జ్ఞాపకాలకు చోటు ఆఖర్న. సియెర్రా లియోన్ సభలు మొదలుపెట్టిన చోట, వీళ్లు ముగిస్తారు.

## కలిసి ఆడితే చాలా, కలిసి చిట్టీ వేయాలా?

1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త చెప్పిన సూత్రం ఒకటుంది: సమాన హోదాలో, ఒకే లక్ష్యం కోసం, పైవాళ్ల అండతో రెండు గుంపులు కలిసి పనిచేస్తే ద్వేషం తగ్గుతుంది. మన క్రికెట్ మ్యాచ్‌లు, ఇఫ్తార్ విందులు, పీస్ కమిటీలు అన్నీ దీని నీడలోవే.

ఇరాక్‌లో ఐసిస్ తరిమేసిన క్రైస్తవుల ఫుట్‌బాల్ టీముల్లో కొన్నింటికి ముస్లిం ఆటగాళ్లను కలిపి చూశారు. 2020లో వచ్చిన ఆ ఫలితాలు ఆసక్తికరం. ముస్లింలతో కలిసి ఆడినవాళ్లు, లీగ్ ముగిసి ఆరు నెలలైనా ముస్లింలతో కలిసి ప్రాక్టీస్ చేశారు, తమ టీమ్‌లో లేని ముస్లిం ఆటగాడికి అవార్డు ఓటు వేశారు. ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్ నగరానికి వెళ్లి అక్కడి హోటల్లో భోంచేయమంటే మాత్రం ముందుకు రాలేదు. మైదానంలో పుట్టిన నమ్మకం మైదానంలోనే ఉండిపోయింది.

మన నగరానికి దగ్గరి పాఠం ప్రొఫెసర్ అశుతోష్ వార్ష్ణేయది. ఆయన అల్లర్లు ఎక్కువ జరిగే నగరాల్ని, తక్కువ జరిగే నగరాలతో జతచేసి పోల్చారు. హైదరాబాద్‌కు జత లక్నో. లక్నోలో చికన్ కుట్టుపని ఉంది, కుట్టే చేతులు ఎక్కువగా ముస్లింలవి, వ్యాపారం హిందువులది. గొడవైతే ఇద్దరి పొయ్యీ వెలగదు. పండగకు స్వీట్లు పంచుకోవడం, ఎదురైతే నవ్వుకోవడం ఊళ్లో సరిపోతుందేమో గానీ, పెద్ద నగరంలో సంఘాలు, వ్యాపారాలు, యూనియన్ల లాంటి గట్టి ముడులు కావాలన్నది ఆయన తేల్చింది. గట్టి ముడి ఉన్నచోట పుకారు వచ్చిన రాత్రే నలుగురు ఫోన్లు చేసుకుంటారు. నవ్వులు మాత్రమే ఉన్నచోట తలుపులు వేసుకుంటారు.

ఆయన రాసింది చదివినప్పుడు నాకు అమ్మ చిట్టీ గుర్తొచ్చింది. ఆ కొట్టాయన భార్యా, అమ్మా ఒకే చిట్టీలో ఉన్నారు. పన్నెండు మంది, రెండు మతాలవాళ్లు. కర్ఫ్యూ నాటికి నాలుగు పాటలు అయిపోయాయి. ఆపేస్తే ఎనిమిది మంది డబ్బు మునుగుతుంది. కాబట్టి జనవరిలో, ఎవరి మొహం ఎవరికీ చూడబుద్ధి కాకపోయినా, పన్నెండు మందీ ఒక గదిలో కూర్చున్నారు. టీ ఎవరూ తాగలేదట, పాట మాత్రం నడిచింది. ఎర్ర పుస్తకం మళ్లీ తెరుచుకోవడం వెనక ఏ శాంతి ర్యాలీ కన్నా ఆ చిట్టీయే ఉందని అమ్మ లెక్క.

పీస్ కమిటీల మీద విమర్శ కూడా ఇక్కడినుంచే వస్తుంది. వినాయక నిమజ్జనానికి ముందు స్టేషన్లో మీటింగ్, శాలువాలు, సమోసా. వచ్చేది ఎప్పుడూ ఆ ముఖాలే. ఆడవాళ్లు లేరు, వాట్సాప్‌లో వీడియోలు తిప్పే పదిహేడేళ్ల కుర్రాళ్లు అసలే లేరు. అలాగని కొట్టిపారేయలేం. 2023 సెప్టెంబర్ 28న నిమజ్జనం, మిలాదున్నబీ ఒకేరోజు వచ్చాయి. నగరంలో మిలాద్ ఊరేగింపును అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. మరుసటి ఏడాదీ పండగలు పక్కపక్కనే వస్తే అలాగే వాయిదా వేసుకున్నారు. తెలిసిన ముఖాల మధ్య మాటలు నడవకపోతే అది కుదిరేది కాదు. దాన్ని నమ్మకం అనాలా, సర్దుబాటు అనాలా అన్నది వేరే ప్రశ్న. వాయిదా వేసుకున్నది ప్రతిసారీ ఒకే వైపు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు, ఆ ప్రశ్న తీసేయదగ్గది కాదు.

## న్యాయం ముందా, రాజీ ముందా

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. బాధితులు పట్టుబట్టి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ ఇళ్ల దగ్గరికి వెళ్లి "గతం మరిచిపోయి కలిసి ఉండండి" అని ఏ కౌన్సెలర్ అనగలడు?

న్యాయం ముందు అనేవాళ్ల బలం ఇక్కడుంది. శిక్ష లేని రాజీ, బలవంతుడికి తేలికైన రాజీ. ఇంకో వైపు చూస్తే, కోర్టుల వేగంతో నమ్మకం నడవాలంటే ఒక తరం గడిచిపోతుంది. రువాండా ఊరి పంచాయితీల్లాంటి గచాచా కోర్టుల్లో, 2012లో ముగిసేనాటికి, ఇరవై లక్షలకు కాస్త తక్కువగా కేసులు తేల్చారు. వేగం వచ్చింది, కొన్నిచోట్ల తీర్పుల నాణ్యత పోయిందని, గెలిచిన పక్షం నేరాలు విచారణకే రాలేదని విమర్శలూ వచ్చాయి. మధ్యలో ఒక చిన్న మెట్టుంది. ఏం జరిగిందో అధికారికంగా ఒప్పుకోవడం, కాలిన కొట్టుకు పరిహారం సమయానికి ఇవ్వడం. ఇది శిక్షకు సాటి రాదు. అయినా "మీకు జరిగింది జరిగింది" అని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం చేతిలో ఉన్న మనిషి మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

## తిరిగి కట్టడానికి పక్కవాళ్లు మిగలాలి

ఈ పథకాల రిపోర్టుల్లో "శిక్షణ పొందినవారు, హాజరైనవారు" అనే అంకెలుంటాయి. నమ్మకం హాజరు పట్టీలో దొరకదు. అది వేరే చోట కొలవాలి: అవతలి గల్లీ ట్యూషన్‌కు పిల్లల్ని పంపుతున్నారా, అద్దె ఇల్లు అడిగితే పేరు విన్నాక కూడా చూపిస్తున్నారా, ఉద్దెర ఇస్తున్నారా. కొలవాలంటే ఏళ్లు ఆగాలి, నిధులు మాత్రం ఏడాదికో, ఆర్నెల్లకో అయిపోతాయి.

అంతకన్నా కష్టమైనది ఇంకొకటి. ప్రతి పెద్ద గొడవ తరవాత జనం ఇళ్లు మారతారు. 2013 ముజఫర్‌నగర్ అల్లర్ల తరవాత వేల కుటుంబాలు పాత ఊళ్లకు తిరిగి వెళ్లకుండా కొత్త కాలనీలు కట్టుకున్నాయి. హైదరాబాద్‌లోనూ 1990 తరవాత పాతబస్తీ నుంచి అటు, అటునుంచి ఇటు సర్దుకున్నవాళ్లు చాలామంది. భయం తగ్గడానికి అది మంచి మందే, మా అమ్మానాన్నలూ అదే వాడారు. పిల్లలు ప్రశాంతంగా నిద్రపోతారు. కాకపోతే, అవతలివాళ్లను వార్తల్లోనే చూస్తూ పెరుగుతారు.

మేం 1994లో దిల్‌సుఖ్‌నగర్ వైపు వచ్చేశాం. సామాన్లు లారీకెక్కించిన రోజు అమ్మ కొట్టు బాకీ కట్టడానికి వెళ్లింది. ఎనభై ఆరు రూపాయలు. ఆయన పుస్తకం తీసి చూసి, మూసేసి, "మళ్లొచ్చినప్పుడు ఇద్దువు తియ్యి చెల్లే" అన్నాడట. అమ్మ మళ్లీ ఆ వీధికి వెళ్లలేదు.